తీర్పు చెప్పని మూడో మనిషి

తెలుగు కుటుంబాల్లో భార్యాభర్తల మధ్య మాట పట్టింపు ఇంటి గడప దాటితే, ఆ తర్వాత అది వెళ్లే దారి దాదాపు ముందే నిర్ణయమై ఉంటుంది. మొదట పుట్టింటికి ఫోను, తర్వాత పెళ్లి కుదిర్చిన పెద్దమనిషి రాక, ఆపైన ఇరువైపుల బంధువులు కూర్చోవడం, అక్కడా తెగకపోతే మహిళా పోలీస్ స్టేషన్, చివరికి ఫ్యామిలీ కోర్టు. ఈ మెట్లన్నిటిలోనూ వినేవారు ఎవరైనా సరే, తప్పెవరిదో తేల్చడానికో, ఇద్దరినీ రాజీ చేయడానికో మాత్రమే వింటారు. చెప్పేవారూ ఆ ఎరుకతోనే చెబుతారు కాబట్టి ఎదుటివారి తప్పుల చిట్టాను తేదీలతో సహా సిద్ధం చేసుకుంటారు తప్ప, తమ భయాన్ని, చిన్నబోయిన మనసును, ఒకే ఇంట్లో ఉంటూ అనుభవిస్తున్న ఒంటరితనాన్ని బయట పెట్టరు; పెడితే వాదన బలహీనపడుతుంది. మానసిక చికిత్స అనగానే చాలామంది వెనుకాడడానికి నలుగురూ ఏమనుకుంటారోనన్న సంకోచమే కారణమని సాధారణంగా చెబుతుంటారు. అది నిజమే గానీ, అంతకంటే లోతైన కారణం ఈ అలవాటులో ఉంది. మూడో మనిషి ముందు నోరు విప్పడమంటే తీర్పుకు తల ఒగ్గడమేనని తరతరాలుగా నేర్చుకున్న సమాజానికి, తీర్పు చెప్పని మూడో మనిషి ఒకరు ఉంటారన్న సంగతే నమ్మశక్యంగా తోచదు.

పెద్దమనుషుల పంచాయితీని తీసిపారేయడం న్యాయం కాదు. పొలం పంపకం, వేరు కాపురం, పిల్లల ఫీజులు, తాగుడుకు తగలేస్తున్న జీతం వంటి తగాదాల్లో, అంటే ఇచ్చిపుచ్చుకోవడానికి ఏదో ఒకటి ఉన్న తగాదాల్లో, రెండు కుటుంబాల గుట్టుమట్లు తెలిసిన మనిషి కుదిర్చిన ఒప్పందం కోర్టు ఉత్తర్వు కంటే ఎక్కువ కాలం నిలబడిన సందర్భాలు తక్కువేమీ కావు. ఇబ్బంది ఎక్కడ వస్తుందంటే, తగాదా అని పిలవడానికి వీల్లేని బాధ ఆ పంచాయితీ ముందుకు వచ్చినప్పుడు. నెలల తరబడి అవసరానికి మించి ఒక్క మాట మాట్లాడని భర్త గురించి భార్య చెప్పుకుంటే, పెద్దలు అడిగే ప్రశ్నలు మూడే: కొడతాడా, తాగుతాడా, జీతం ఇంట్లో ఇవ్వడా. మూడింటికీ లేదన్న జవాబు వచ్చాక నాలుగో ప్రశ్న ఉండదు, "మరి నీకేం లోటమ్మా?" అన్న ముగింపు మాత్రమే ఉంటుంది. ఆ మాట అన్నవారు దయలేనివారు కారు. వారి చేతిలో ఉన్న కొలబద్దతో కొలవడానికి అక్కడ ఏమీ దొరకలేదు, అంతే.

పోలీస్ స్టేషన్, కోర్టు దగ్గరికి వచ్చేసరికి ఈ కొలబద్ద ఇంకా గట్టిపడుతుంది. కుటుంబ వివాదాల్లో ఎఫ్‌ఐఆర్ నమోదు చేసేముందు ప్రాథమిక విచారణ జరపవచ్చని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2013 నవంబరులో చెప్పింది. ఫిర్యాదుకు, కేసుకు మధ్య ఉండే ఆ దశలోనే చాలా చోట్ల కౌన్సెలింగ్ పేరిట ఇరుపక్షాలనూ పిలిచి మాట్లాడతారు. 1984 నాటి ఫ్యామిలీ కోర్టుల చట్టం కూడా, సాధ్యమైన ప్రతి కేసులోనూ ముందుగా రాజీకి ప్రయత్నించడాన్ని 9వ సెక్షన్ ద్వారా న్యాయస్థానం విధిగా నిర్దేశించింది. ఈ రెండు వ్యవస్థలకూ వాటి ప్రయోజనం వాటికి ఉంది. అయితే అక్కడ లక్ష్యం ముందే ఖరారై ఉంటుంది: కాపురం నిలబడాలి, లేదా కేసు ముందుకు కదలాలి. చికిత్సలో లక్ష్యాన్ని వచ్చినవారే నిర్ణయించుకుంటారు. విడిపోవాలని తేల్చుకున్న ఇద్దరు, పిల్లల్ని మధ్యలో నలగనివ్వకుండా మర్యాదగా విడిపోవడానికి తోడ్పడడం కూడా అక్కడ విజయంగానే లెక్కకు వస్తుంది. స్టేషన్లో తలవంచుకుని రెండు గంటలు నిలబడి వచ్చిన భర్తకు, ఆర్నెల్ల తర్వాత ఎవరైనా కౌన్సెలర్ దగ్గరికి వెళదామని చెబితే ఆయన మొహంలో రంగు మారడానికి కారణం ఇక్కడే వెతకాలి.

మాటకు తావు దొరకని బాధ తరచుగా ఒంట్లో తేలుతుంది. గుండె దడ, తల దిమ్ము, అరికాళ్ల మంటలు, ఎప్పుడూ నీరసం, ఏం తిన్నా పైకి తన్నుకొచ్చే గ్యాస్ అంటూ ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర బలం ఇంజెక్షన్‌తో, సెలైన్‌తో మొదలైన ప్రయాణం పట్నంలో ఈసీజీ, టూడీ ఎకో, ఎండోస్కోపీల మీదుగా సాగి, రిపోర్టులన్నీ నార్మల్ అన్న మాట దగ్గర ఆగిపోతుంది. దీన్ని వైద్యులు సొమటైజేషన్ అంటారు. మనసులోని వ్యాకులత శరీర లక్షణాలుగా వ్యక్తం కావడం దాని అర్థం. ఇందులో నటన లేదు, నొప్పి నిజంగానే ఉంటుంది. కానీ "మీకేం జబ్బు లేదమ్మా" అని వైద్యుడు ధైర్యం చెప్పడానికి అన్న మాట, పక్కన నిలబడ్డ అత్తగారి చెవిలో "ఏమీ లేకుండానే ఇన్ని వేలు ఖర్చు పెట్టించింది" అన్న అభియోగంగా పడుతుంది. ఆ గదిలో ఇంకొక్క ప్రశ్న, రాత్రిళ్లు నిద్ర పడుతోందా, ఇంట్లో మనసు ఎలా ఉంటోంది అన్న ప్రశ్న అడిగే తీరిక జనరల్ ఫిజీషియన్‌కు ఉంటే చికిత్స వైపు తొలి అడుగు సగం అక్కడే పడిపోతుంది. ఇందుకు పెద్ద పరికరాలేమీ అక్కర్లేదు. గత రెండు వారాల్లో దిగులు, నిరాసక్తత, నిద్ర, ఆకలి వంటివి ఎన్ని రోజులు ఇబ్బంది పెట్టాయో తొమ్మిది ప్రశ్నలతో తెలుసుకునే పీహెచ్‌క్యూ-9 అనే చిన్న పత్రం తెలుగుతో సహా అనేక భాషల్లో ఉంది. అది జబ్బును నిర్ధారించదు గానీ, ఇంకాస్త లోతుగా అడగాలో లేదో చెబుతుంది.

ఈ బాధ ఎంత విస్తృతమో తెలిపే లెక్కలు కొన్ని ఉన్నాయి, వాటి పరిమితులూ ఉన్నాయి. బెంగళూరులోని నిమ్హాన్స్ 2015-16లో 12 రాష్ట్రాల్లో నిర్వహించిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం, వయోజనుల్లో సుమారు 10.6 శాతం మందికి ఆ సమయంలో ఏదో ఒక మానసిక రుగ్మత ఉంది. చికిత్స అవసరమై కూడా అందని వారి వాటా రుగ్మతను బట్టి 70 నుంచి 92 శాతం దాకా ఉంది. ఆ 12 రాష్ట్రాల జాబితాలో రెండు తెలుగు రాష్ట్రాలూ లేవన్నది ఇక్కడ గుర్తుంచుకోవలసిన విషయం. జాతీయ నేర గణాంకాల సంస్థ 2022 నివేదికలో నమోదైన 1,70,924 ఆత్మహత్యల్లో 31.7 శాతానికి కుటుంబ సమస్యలు కారణంగా చూపారు. శవ పంచనామా సమయంలో పోలీసులు ఒకే గడిలో నింపే కారణాన్ని పట్టుకుని అంత సంక్లిష్టమైన నిర్ణయాన్ని వివరించడం కుదరదు. ఏ మరణానికీ ఒకే కారణం ఉండదు. అయినా ఆ లెక్కల్లోనే, మరణించిన ప్రతి పదిమందిలో సుమారు ఏడుగురు పురుషులే కావడం, "మగాడివై ఉండి ఏడుస్తావా" అని పెంచిన పద్ధతిని ఒకసారి తిరిగి చూసుకునేలా చేస్తుంది. పంచాయితీలో తప్పుల చిట్టా చదవడానికైనా స్త్రీకి ఒక అవకాశం దొరుకుతుంది. మగవాడు అక్కడ జవాబు చెప్పుకోవలసిన మనిషిగానే కూర్చుంటాడు.

అనుబంధాల గురించి గత డెబ్బై ఏళ్లుగా పోగైన జ్ఞానం పంచాయితీ చూపుకు భిన్నమైన చూపును ఇస్తుంది. పసిబిడ్డకు తల్లితో ఏర్పడే బంధం ఆకలి తీరడం కోసమే కాదనీ, భయమేసినప్పుడు ఆశ్రయం దొరుకుతుందన్న భరోసా కోసమనీ బ్రిటిష్ మనోవైద్యుడు జాన్ బౌల్బీ ప్రతిపాదించారు. మేరీ ఐన్స్‌వర్త్ పసిపిల్లలపై చేసిన పరిశీలనలు దానికి బలమిచ్చాయి. అనుబంధ సిద్ధాంతంగా పేరుపొందిన ఈ ఆలోచనను 1980లలో స్యూ జాన్సన్, లెస్లీ గ్రీన్‌బర్గ్ దంపతులకు చేసే చికిత్సలోకి తెచ్చారు. పెద్దవాళ్లయ్యాక ఆ ఆశ్రయాన్ని జీవిత భాగస్వామిలో వెతుక్కుంటారనీ, అది దొరకదేమోనన్న భయమే కోపం వేషంలో బయటికి వస్తుందనీ వారి ప్రతిపాదన. హైదరాబాద్‌లో ఏ అపార్ట్‌మెంట్‌లోనైనా రాత్రి తొమ్మిదిన్నరకు జరిగే సంభాషణను ఈ చూపుతో గమనించవచ్చు. "ఇంత ఆలస్యమైందేం?" అని ఆమె అడుగుతుంది. ఆయనకు అది ప్రశ్నగా కాక నేరారోపణగా వినబడి, "ట్రాఫిక్" అన్న ఒక్క మాటతో ఫోను చూసుకుంటాడు. ఆమె గొంతు పెంచుతుంది. ఆయన బాల్కనీలోకి వెళ్లి తలుపు వేసుకుంటాడు. లోపల ఆమె మనసులో తిరిగే మాట "నేను ఉన్నా లేకపోయినా ఈయనకు ఒకటే" అన్నది. బయట ఆయన మనసులో తిరిగేది "నేనేం చేసినా ఈ ఇంట్లో చాలదు" అన్నది. ఈ రెండు మాటలూ ఎప్పుడూ ఎదురుపడవు. ఎదురుపడేది గొంతు, తలుపు మాత్రమే. ఆమె అడిగేకొద్దీ ఆయన ముడుచుకుంటాడు, ఆయన ముడుచుకునేకొద్దీ ఆమె అడుగుతుంది; మొదలెక్కడో వెతికితే దొరకదు, ఎందుకంటే అది గానుగెద్దు తిరిగే బాట. పంచాయితీ ఆ వలయంలో ఏదో ఒక చోట వేలు పెట్టి "ఇక్కడ మొదలైంది, కాబట్టి తప్పు నీది" అంటుంది. చికిత్సకుడు వలయాన్ని మొత్తంగా ఇద్దరికీ చూపించి, అదే ఇద్దరికీ ఉమ్మడి శత్రువని గుర్తించేలా చేస్తాడు.

ఇక్కడే కుటుంబ చికిత్సలో తొలితరం ఆలోచనాపరుడైన అమెరికన్ మనోవైద్యుడు ముర్రే బోవెన్ చెప్పిన త్రికోణం అనే భావన తెలుగు పాఠకులకు చప్పున అర్థమవుతుంది. ఇద్దరి మధ్య ఉద్రిక్తత భరించరానిదైనప్పుడు వారు తెలియకుండానే మూడో వ్యక్తిని లోపలికి లాగి, ఆ వేడిని అటు మళ్లిస్తారని ఆయన పరిశీలన. మూడో వ్యక్తి అత్తగారు కావచ్చు, ఆడపడుచు కావచ్చు, రోజూ గంటసేపు ఫోన్లో మాట్లాడే కన్నతల్లి కావచ్చు, చాలా ఇళ్లలో పదేళ్ల పిల్లవాడే కావచ్చు. లాగిన మూడో మనిషి ఒక పక్షం వహించగానే ఇద్దరి మధ్య మాట్లాడుకోవలసిన విషయం అలాగే మిగిలిపోయి, కొత్త తగాదా ఒకటి దాని మీద పేరుకుంటుంది. చికిత్సకుడు కూడా మూడో మనిషే. తేడా ఏమిటంటే, ఆ స్థానంలో కూర్చుని కూడా ఏ పక్షానికీ జరగకుండా నిలవడం ఆయనకు లేదా ఆమెకు నేర్పిన విద్య. దానికోసం ఏళ్ల శిక్షణ, తన పనిని మరో అనుభవజ్ఞుడి పర్యవేక్షణలో పెట్టుకునే పద్ధతి ఉంటాయి. ఒక మినహాయింపు మాత్రం స్పష్టంగా చెప్పుకోవాలి. ఇంట్లో కొట్టడం, బెదిరించడం, డబ్బును, కదలికలను అదుపులో పెట్టడం వంటివి ఉన్నప్పుడు ఇద్దరినీ పక్కపక్కన కూర్చోబెట్టి మాట్లాడించడం ప్రమాదకరం, ఎందుకంటే గదిలో ఆమె చెప్పిన నిజానికి ఇంటికి వెళ్లాక మూల్యం చెల్లించవలసి వస్తుంది. అక్కడ తొలి అడుగు 2005 నాటి గృహహింస నిరోధక చట్టం వైపు, 181 మహిళా హెల్ప్‌లైన్ వైపు పడాలి.

ఇంతకూ చికిత్స గదిలో మొదటి రోజు ఏం జరుగుతుంది? తెలియనితనమే సగం భయం కాబట్టి ఈ ప్రశ్నకు కాస్త నింపాదిగా జవాబు చెప్పుకోవడం మంచిది. సుమారు 45 నుంచి 60 నిమిషాల ఆ సమావేశంలో మంచం మీద పడుకోబెట్టడం, కళ్లలోకి చూసి మనసు చదివేయడం వంటి సినిమా దృశ్యాలేవీ ఉండవు. రెండు కుర్చీలు, తలుపు వేసిన గది, కొన్ని ప్రశ్నలు ఉంటాయి: ఇప్పుడే రావాలని ఎందుకనిపించింది, ఇబ్బంది ఎప్పటినుంచి, నిద్ర, ఆకలి, పని ఎలా ఉన్నాయి, ఇంట్లో ఎవరెవరున్నారు, గతంలో మందులేమైనా వాడారా, బతకాలనిపించని క్షణాలు ఎప్పుడైనా వచ్చాయా. ఈ చివరి ప్రశ్న విని చాలామంది ఉలిక్కిపడతారు. అడిగితే లేని ఆలోచన పుడుతుందన్నది అపోహ మాత్రమే, నెమ్మదిగా అడిగినప్పుడు ఇన్నాళ్లూ మోస్తున్న బరువు దించినట్టుందని చెప్పినవారే ఎక్కువ. కథను వరుసగా, పొందికగా చెప్పనక్కర్లేదు. ఏడుపు వస్తే ఆపుకోనక్కర్లేదు. చెప్పడం ఇష్టం లేనిది ఆ రోజుకు చెప్పనని అనవచ్చు. చివరి పది నిమిషాల్లో తనకు అర్థమైనదాన్ని చికిత్సకుడు తిరిగి చెప్పి, ఎన్నిసార్లు కలవవలసి ఉంటుందో, మందుల అవసరం ఉందేమో చూడడానికి సైకియాట్రిస్టును కూడా కలవాలా వద్దా అన్నది వివరిస్తాడు. దంపతులు వచ్చినప్పుడు ఇద్దరితో కలిపి, తర్వాత ఒక్కొక్కరితో విడిగా మాట్లాడడం మామూలు. విడిగా చెప్పినదాన్ని రెండోవారి దగ్గర ఏం చేస్తారో ముందే స్పష్టం చేసుకోవాలి.

రహస్యం గురించి అడగడానికి సంకోచించకూడదు, అది కనికరించి ఇచ్చే హామీ కాదు. 2018 మే నుంచి అమల్లో ఉన్న మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 తన 23వ సెక్షన్‌లో రోగి వివరాల గోప్యతను హక్కుగా గుర్తించింది. ప్రాణాపాయం, ఇతరులకు హాని, న్యాయస్థానం ఆదేశం వంటి కొన్ని సందర్భాల్లోనే దానికి మినహాయింపు. పిల్లలపై లైంగిక దాడి సంగతి తెలిస్తే పోక్సో చట్టం కింద తెలియజేయడం ఎవరికైనా తప్పనిసరి. ఈ హద్దులను మొదటి రోజే చెప్పే చికిత్సకుడిని నమ్మవచ్చు. చట్టం సంగతి ఇలా ఉన్నా, తెలుగు పట్టణాల్లో గోప్యతకు పెద్ద పరీక్ష వెయిటింగ్ హాల్లోనే ఎదురవుతుంది. ఊరికి ఒకే సైకియాట్రీ ఆసుపత్రి ఉన్నచోట దాని బోర్డు కింద నిలబడడమే ప్రకటన అవుతుంది. హైదరాబాద్‌లో మానసిక ఆసుపత్రి ఉన్న "ఎర్రగడ్డ" పేటపేరు, విశాఖలో "పెద్ద వాల్తేరు, చిన వాల్తేరు" దారిలోని ఆసుపత్రి ఊసు ఎగతాళికి వాడుకున్న తరాలు ఇంకా ఇళ్లలోనే ఉన్నాయి.

గోప్యత దొరికితే తెలుగువారు ఎంత ధారాళంగా మనసు విప్పుతారో చెప్పడానికి పత్రికల చరిత్రలోనే నిదర్శనం ఉంది. ఆంధ్రప్రభ వారపత్రికలో మాలతీ చందూర్ దశాబ్దాల పాటు నిర్వహించిన "ప్రమదావనం" శీర్షికకు వచ్చిన ఉత్తరాల్లో వంటలు, చదువుల ప్రశ్నలతో పాటు ఎవరికీ చెప్పుకోలేని ఇంటి బాధలూ ఉండేవి. ఊరూ పేరూ బయటపడని చోట, తమను ఎరగని, తమకు తీర్పు చెప్పే అధికారం లేని ఒక మనిషికి రాసిన ఉత్తరం అది. ఉత్తరానికి జవాబు ఒక్కసారే వస్తుంది, మళ్లీ అడగడానికి, "అలా కాదండీ" అనడానికి వీలుండదు కాబట్టి అది చికిత్స కాలేదు. అయినా చికిత్సకు కావలసిన తొలి అవసరం, అంటే నలుగురి నోట పడకుండా నాలుగు మాటలు చెప్పుకునే చోటు, ఈ సమాజానికి పరాయిది కాదని మాత్రం అది రుజువు చేసింది.

పాశ్చాత్య పద్ధతి ఇక్కడి మనుషులకు సరిపడుతుందా అన్న సందేహం భారతీయ మనోవైద్యులకు మొదటినుంచీ ఉంది. కలకత్తాలో గిరీంద్రశేఖర్ బోస్ 1922లోనే భారతీయ మనోవిశ్లేషణ సంఘాన్ని స్థాపించి, ఫ్రాయిడ్‌తో ఉత్తరాల్లోనే విభేదించారు. జస్వంత్ సింగ్ నేకీ 1973లో రాసిన వ్యాసంలో గురుశిష్య సంబంధాన్ని చికిత్సకు నమూనాగా తీసుకోవచ్చునా అని చర్చించారు. చికిత్సకుడు మౌనంగా వింటూ కూర్చుంటే ఇక్కడి మనిషికి అది నిరాదరణగా తోస్తుందని, మార్గం చూపే ఆత్మీయతను ఆశిస్తాడని అందులోని సారం. అమృత్‌సర్‌లో విద్యాసాగర్ 1950లలోనే రోగుల కుటుంబసభ్యులను ఆసుపత్రి ఆవరణలో గుడారాలు వేయించి ఉంచి, చికిత్సలో భాగస్వాములను చేశారు. ఈ వారసత్వం వల్లనే "మీరే చెప్పండి మేడమ్, ఏం చేయమంటారో" అన్న మాటను తెలుగు చికిత్సకులు తప్పుగా తీసుకోరు. అనుభవజ్ఞులు కొంత సలహా చెబుతూనే, మెల్లగా నిర్ణయాన్ని అడిగినవారి చేతికే తిరిగి అప్పగిస్తారు. నేకీ చెప్పిన నమూనాలో ప్రమాదమూ లేకపోలేదు. గురువు స్థానంలో కూర్చున్న మనిషి పెద్దమనిషిగా మారి మళ్లీ "సర్దుకుపొమ్మ"ని తీర్పు చెప్పడానికి ఒక్క అడుగే దూరం.

ఎవరి దగ్గరికి వెళ్లాలన్నది ఆ తర్వాతి చిక్కు. సైకియాట్రిస్టు అంటే ఎంబీబీఎస్ తర్వాత మనోవైద్యంలో పీజీ చేసిన డాక్టరు, మందులు రాయగలరు. క్లినికల్ సైకాలజిస్టు డాక్టరు కాకపోయినా, భారతీయ పునరావాస మండలి గుర్తించిన ఎంఫిల్ వంటి కోర్సు పూర్తిచేసి, ఆ మండలి రిజిస్టరులో పేరున్నవారు. మాటలతో చేసే చికిత్స, మనస్తత్వ పరీక్షలు వీరి పని. కౌన్సెలర్ అన్న బోర్డు మాత్రం ఆచరణలో చాలాకాలంగా అదుపాజ్ఞలు లేకుండా నడుస్తోంది. ఎమ్మెస్సీ సైకాలజీ చదివి, పర్యవేక్షణలో ఏళ్ల తరబడి పనిచేసినవారూ, వారాంతపు సర్టిఫికెట్ కోర్సు చేసినవారూ ఒకే బోర్డు పెట్టుకోవచ్చు. 2021లో వచ్చిన జాతీయ అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం ప్రవర్తనా ఆరోగ్య నిపుణులను కూడా తన పరిధిలోకి తెచ్చినప్పటికీ, అది బోర్డుల దాకా రావడానికి ఇంకా చేయవలసింది ఉంది. కాబట్టి చదువు, రిజిస్ట్రేషను, అనుభవం అడగడం అమర్యాద కాదు. మొదటి మనిషితో మనసు కలవకపోతే రెండోవారిని వెతుక్కోవడమూ తప్పు కాదు. చికిత్స ఫలించడంలో పద్ధతి పేరు కంటే ఇద్దరి మధ్య కుదిరిన నమ్మకానిది పెద్ద పాత్ర అని పరిశోధనలు పదేపదే చెబుతున్నాయి.

దేశంలో లక్ష జనాభాకు సుమారు 0.75 మంది సైకియాట్రిస్టులే ఉన్నారన్న అంచనా తరచుగా వినబడుతుంది; వారిలోనూ ఎక్కువమంది నగరాల్లోనే. 1996లో మొదలైన జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం వల్ల జిల్లా ఆసుపత్రి ఓపీలో ఈ సేవ ఉండాలి గానీ, అక్కడి రద్దీలో దంపతులతో ముప్పావుగంట కూర్చునే వీలు అరుదు. బీమా విషయంలో 2017 చట్టం 21వ సెక్షన్ మానసిక రుగ్మతకూ శారీరక రుగ్మతతో సమాన స్థాయి ఇవ్వమంటోంది. అయితే చాలా పాలసీలు ఆసుపత్రిలో చేరినప్పుడే వర్తిస్తాయి, మాటల చికిత్స సాధారణంగా ఓపీలోనే జరుగుతుంది, అందువల్ల ఖర్చు చివరికి జేబు మీదే పడుతుంది. ఈ స్థితిలో 2022 అక్టోబరు 10న కేంద్రం ప్రారంభించిన టెలీ-మానస్ ఉచిత సేవ, అంటే 14416 నంబరు, తెలుగులో ఏ వేళనైనా మాట్లాడగలిగే తొలి మెట్టు. గోవాలో జరిగిన పరిశోధన ఇంకో దారి చూపింది. మానసిక వైద్యంలో ముందుగా ఏ శిక్షణా లేని స్థానికులకు తర్ఫీదునిచ్చి, తీవ్ర కుంగుబాటు ఉన్నవారితో ఆరు నుంచి ఎనిమిది సమావేశాలు నడిపిస్తే మంచి ఫలితం వచ్చిందని 2017లో లాన్సెట్‌లో అచ్చయిన అధ్యయనం తేల్చింది. ప్రతి ఊళ్లోనూ ఆశా కార్యకర్త ఉన్న రెండు తెలుగు రాష్ట్రాలు ఈ అనుభవాన్ని పట్టించుకోకపోవడానికి కారణం కనిపించదు. అయితే ఆమె ఊరి మనిషే కావడం వల్ల గోప్యత చిక్కు మళ్లీ మొదటికొస్తుంది కనుక, పక్క ఊరి కార్యకర్తను కేటాయించడం వంటి ఏర్పాటు అవసరమవుతుంది.

అమెరికాలో ఉంటున్న తెలుగు కుటుంబాల ఇబ్బంది వేరు. అక్కడ చికిత్సకుల లైసెన్సు సాధారణంగా రాష్ట్రాల వారీగా ఉంటుంది కాబట్టి, డాలస్‌లో ఉన్న దంపతులు న్యూజెర్సీలోని తెలుగు చికిత్సకురాలిని సంప్రదించాలన్నా ముందు ఆమెకు టెక్సాస్ అనుమతి ఉందో లేదో చూడాలి. భర్త వీసా మీద ఆధారపడి వచ్చిన భార్యకు బీమా, రవాణా, కొన్నిసార్లు బ్యాంకు ఖాతా కూడా ఆయన పేరు మీదే ఉంటే, చికిత్సకు వెళ్లిన సంగతి బిల్లులోనే బయటపడుతుంది. పెద్దమనుషులు మాత్రం అక్కడికీ వెళతారు, వాట్సాప్ వీడియో కాల్లో, ఇండియా టైము ప్రకారం.

చికిత్సపై నమ్మకం పెళ్లి తర్వాత హఠాత్తుగా పుట్టదు. పదిహేడేళ్లప్పుడు హాస్టల్లో కలిసిన తొలి కౌన్సెలర్ దగ్గర పుడుతుంది, లేదా అక్కడే చస్తుంది. విశాఖపట్నంలో నీట్ కోచింగ్ తీసుకుంటున్న ఒక విద్యార్థిని మరణానికి సంబంధించిన కేసులో సుప్రీంకోర్టు 2025 జులై 25న ఇచ్చిన మార్గదర్శకాలు, వందమంది లేదా అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థా అర్హత గల కౌన్సెలర్‌ను గానీ, సైకాలజిస్టును గానీ, సామాజిక కార్యకర్తను గానీ నియమించుకోవాలని నిర్దేశించాయి. కార్పొరేట్ జూనియర్ కాలేజీల్లో ఫ్లోర్ ఇన్‌చార్జికే ఆ హోదా తగిలించి, పిల్లలు చెప్పుకున్న మాటలు సాయంత్రానికి ప్రిన్సిపాల్ టేబుల్ మీదికీ, మర్నాడు పేరెంట్స్ మీటింగ్‌లోకీ చేరితే, అది ఇంకో పంచాయితీ అవుతుంది. ఆ పిల్లలు పెద్దయ్యాక ఏ చికిత్సకుడి తలుపూ తట్టరు. నియమితులైన కౌన్సెలర్ ఎవరికి జవాబుదారీ, ఆమె రాసుకున్న నోట్సు ఎవరి బీరువాలో ఉంటుంది, యాజమాన్యం అడిగితే ఇవ్వనని అనగలిగే రక్షణ ఆమెకు ఎక్కడినుంచి వస్తుంది అన్న మూడు ప్రశ్నలకు జవాబులను కాలేజీలకు ఇచ్చే గుర్తింపు నిబంధనల్లోనే రాసిపెట్టవలసిన బాధ్యత రెండు రాష్ట్రాల ఇంటర్ బోర్డులది.